చదరంగ వీరుడు పాల్ మార్ఫీ

చదరంగము మన దేశమున పుట్టిన క్రీడ. రథ గజ తురగ పదాతులను పలకమీద నిలిపి, రాజుల యుద్ధమును ఇద్దరు మనుష్యులు రక్తపాతము లేకుండ ఆడుకొనునట్లు మన పూర్వులు కల్పించిరి. ఇది ఇచటినుండి పారసీకమునకు, అచటినుండి అరబ్బులకు, వారివలన ఐరోపాకును పోయెను. పోయిన చోట రూపు మార్చుకొనెను. పదునైదవ శతాబ్దాంతమున ఐరోపావారు, మూలగా ఒక్క గడి మాత్రము కదలు మంత్రిని పలకయంతయు తిరుగు మహాబలునిగా చేసిరి. బంటునకు మొదటి ఎత్తున రెండు గళ్ళు పోవు అధికారము నిచ్చిరి. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల పల్లెలలో మన పెద్దలు అరుగులమీద సుద్దతో గళ్ళు గీచి ఆడిన నాటు చదరంగమున బంటు ఎన్నడును ఒక గడియే నడచును. రాజు ఒక్క పర్యాయము గుఱ్ఱపు దాటు దాటును. అందుచే మన ఆట నెమ్మదిగా మొదలగును. సేనలు సర్దుకొనుటకే చాల ఎత్తులు పట్టును. ఐరోపా ఆటలోనన్ననో మూడవ నాలుగవ ఎత్తునకే కత్తులు దూయవచ్చును.

ఆ తొందర ఆటలో పుట్టిన విద్యయే గ్యాంబిట్. కుస్తీలో కాలడ్డుపెట్టి పడవేయుట అను అర్థముగల ఇటలీ భాషా శబ్దమునుండి ఈ మాట వచ్చినది. స్పెయిను దేశపు మతగురువు రూయ్ లోపెజ్ 1561లో తన చదరంగ గ్రంథమున దీనిని వాడెను. గ్యాంబిట్ అనగా ఆట ఆరంభముననే ఒక బంటును, ఒక్కొక్కప్పుడు అంతకు మించిన బలమును, శత్రువునకు తినుటకు ఒప్పగించుట. పైకి చూచినవారికి ఇది దుబారా. లెక్క తెలిసినవారికి కాదు. మన డెల్టా రైతు కాలువకు నీరు వచ్చిన అదనులో గాదెలోని మేలైన గింజలను తీసి నారుమడిలో చల్లును. ఆ గింజలు వండుకొనిన నాలుగు దినములు కడుపు నిండును. కాని అదను పోయిన మరల రాదు. గ్యాంబిట్‌లో ఇచ్చిన బంటు అట్టి విత్తనము. శత్రువు దానిని తినుటకు ఒక ఎత్తు, తిన్న బలమును కాపాడుకొనుటకు మరియొక ఎత్తు వ్యయము చేయును. అంతలో ఇచ్చినవాడు తన గుఱ్ఱమును, శకటును వెలికి తీసి, రాజును భద్రమైన మూలకు చేర్చును. అతడు కొన్నది కాలము. చెల్లించిన వెల బంటు.

ఇట్టి గ్యాంబిట్లలో రాజు ప్రక్క శకటు ముందరి బంటును రెండవ ఎత్తుననే ఇచ్చునది ప్రాచీనము. వేల్సు దేశపు నావికుడు కెప్టెన్ విలియం డేవిస్ ఎవాన్స్ 1820 తరువాతి సంవత్సరములలో కనిపెట్టినది మరియొకటి. అందు ఇరువురి రాజు బంట్లును ఎదురెదురుగా నిలిచి, ఇరుపక్కల ఒక గుఱ్ఱము, ఒక శకటు వెలువడిన పిమ్మట, తెల్లవాడు మంత్రి వైపు గుఱ్ఱము గడి ముందరి బంటును రెండు గళ్ళు త్రోసి నల్ల శకటు నోటికి అందించును. శకటు దానిని తినగనే ప్రక్క బంటు ఒక గడి నడచి ఆ శకటును గదుమును. అది తొలగి ప్రాణము దక్కించుకొనులోపల తెల్ల మంత్రి బంటు పలక నడిమికి వచ్చి నిలుచును. తెల్లవాని శకటులకును మంత్రికిని దారులు తెఱచుకొనును. ఈ గ్యాంబిట్‌ను ఇష్టపడి ఆడినవారిలో అగ్రగణ్యుడు అమెరికా దేశీయుడగు పాల్ మార్ఫీ.

మార్ఫీ 1837 జూన్ 22వ తేదీన అమెరికాలోని లూసియానా రాష్ట్రమున న్యూ ఆర్లియన్సు నగరమున జన్మించెను. తండ్రి అలోంజో మార్ఫీ ఆ రాష్ట్రపు సర్వోన్నత న్యాయస్థానమున న్యాయమూర్తి. తల్లి సంగీతమున ప్రవీణురాలు. ఆ యింట ఆదివారములలో తండ్రియు, పినతండ్రి ఎర్నెస్టును చదరంగము ఆడుచుండగా పిల్లవాడు ప్రక్కన కూర్చుండి చూచుచుండెడివాడు. అతనికి ఎవ్వరును ప్రత్యేకముగ పాఠము చెప్పలేదందురు. మన అరుగులమీదను ఇట్టివారు కనబడుదురు. పెద్దల భుజములమీదుగా తొంగిచూచి నేర్చిన పిల్లలు ఒకనాడు ఆ పెద్దలకే ఆట కట్టుదురు. 1850లో హంగరీ దేశపు ప్రసిద్ధ క్రీడాకారుడు లోవెంతాల్ న్యూ ఆర్లియన్సు వచ్చినప్పుడు పండ్రెండేండ్ల ఈ బాలుడు ఆయనను ఓడించెను.

ఆ తరువాత ఏడేండ్లు మార్ఫీ చదువులో మునిగెను. అలబామా రాష్ట్రమున స్ప్రింగ్‌హిల్ కళాశాలలో చదివి, 1857లో లూసియానా విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్ర పట్టము పొందెను. లూసియానా పౌరస్మృతి అతనికి దాదాపు కంఠస్థమని ప్రతీతి. వకీలుగ పనిచేయుటకు కావలసిన వయస్సు అతనికి ఇంకను రాలేదు. ఆ ఖాళీ కాలమే చదరంగ చరిత్రకు లాభించినది. తండ్రి 1856లో మరణించియుండెను. పినతండ్రియు మిత్రులును ప్రోత్సహింపగా మార్ఫీ 1857 అక్టోబరులో న్యూయార్కున జరిగిన మొదటి అమెరికా చదరంగ మహాసభకు పోయి, చివరి పోటీలో లూయీ పాల్సెన్‌ను గెలిచి ప్రథముడయ్యెను. పాల్సెన్‌తో ఆడిన ఒక ఆటలో మార్ఫీ తన మంత్రినే శకటునకు బదులుగా ఇచ్చివేసి, మిగిలిన బలములతో తెల్లరాజును చుట్టుముట్టిన తీరు నేటికిని పుస్తకములకెక్కుచున్నది.

1858 జూన్‌లో అతడు ఇంగ్లండు చేరెను. అచటి ప్రముఖుడగు హోవర్డ్ స్టాంటన్‌తో తలపడవలెనని అతని కోరిక. స్టాంటన్ అప్పుడు షేక్స్పియరు నాటకములను పరిష్కరించు పనిలో నుండెను. పందెము నేడు రేపని సాగి సాగి తుదకు జరుగనే లేదు. ఇందు తప్పెవరిదని ఇంగ్లీషువారు ఇప్పటికిని వాదించుకొనుచున్నారు. లోవెంతాల్‌తో మాత్రము పోటీ జరిగెను. తొమ్మిది ఆటలు మార్ఫీ, మూడు లోవెంతాల్ గెలువగా రెండు సమమయ్యెను. గెలిచిన పందెపు సొమ్మును మార్ఫీ తనకు ఉంచుకొనక, క్రొత్త యింటికి మారుచున్న లోవెంతాల్‌కు గృహసామగ్రి కొని ఇచ్చెను. ఇది దాతృత్వమే కాక అతని జీవితసూత్రము కూడ. చదరంగమువలన తాను జీవించుచున్నాడను మాట పడుట అతనికి మరణముతో సమానము.

సెప్టెంబరులో పారిసు నగరము చేరి, కఫె ద లా రెజాన్స్ అను ప్రసిద్ధ చదరంగశాలలో హార్విట్జ్‌తో పోటీకి కూర్చుండెను. మొదటి రెండు ఆటలును మార్ఫీ ఓడిపోయెను. ఓటమివలన తొణకక, తరువాతి ఆరు ఆటలలో అయిదు గెలిచి ఒకటి సమము చేసెను. ఆ నెల 27వ తేదీన ఆ శాలలోనే ఎనమండుగురు క్రీడాకారులను వేర్వేరు పలకలముందు కూర్చుండబెట్టి, తాను పలకలకు మొగము త్రిప్పి, ఏ పలకను చూడకుండ నోటితో ఎత్తులు చెప్పుచు పది గంటలు ఆడెను. ఆరు గెలిచెను, రెండు సమమయ్యెను.

అవధాన సభలను చూచిన మన ప్రాంతమువారికి ఇది అంత విడ్డూరముగ తోపదు. అష్టావధానమున చదరంగమును ఒక అంశముగ పెట్టుట మనకు వాడుక. అవధాని ఒకచో సమస్యను పూరించుచు, వేరొకచో నిషిద్ధాక్షరిని నడపుచు, గంట మ్రోతలు లెక్కించుచు, నడుమ నడుమ చదరంగపు ఎత్తును చెప్పవలెను. తిరుపతి వేంకటకవుల నాటినుండి ఈ విద్యకు మన ఆంధ్రదేశమున ఎంతటి గౌరవము గలదో చెప్పనక్కరలేదు. మన అవధానికి ఎనిమిది తీరుల పనులు. మార్ఫీకి ఒకే తీరు పనిలో ఎనిమిది పలకలు. ఏది ఘనమని తూచుట పనిలేని పని. రెంటికిని మూలము ధారణ.

పారిసులోనే నాటకశాలలో ఒక చిత్రము జరిగెను. బ్రన్స్‌విక్ ప్రభువును, ఇజువార్డ్ అను కులీనుడును కలిసి ఒక పక్షముగ, మార్ఫీ ఒక్కడు ఒక పక్షముగ, సంగీతనాటకము ప్రదర్శింపబడుచుండగనే ప్రభువు ఆసన మందిరమున ఆడిరి. మార్ఫీకి సంగీతమన్న ప్రాణము. రంగస్థలమునకు వీపు పెట్టి కూర్చుండవలసి వచ్చినందున త్వరగా ఆట ముగించి పాట వినవలెనని అతడు తొందరపడెనని చెప్పుదురు. పదునేడు ఎత్తులలో ముగించెను. ఇది పేరునకు గ్యాంబిట్ ఆరంభము గాదు; అయినను గ్యాంబిట్ ధర్మమును ఇంతకంటె తేటగ చూపు ఆట మరియొకటి లేదు.

ఆ ఆటలో ఎనిమిదవ ఎత్తునకు ఒక బంటును ఊరక తినగల అవకాశము మార్ఫీకి వచ్చెను. తినలేదు. దానికి మారుగా రెండవ గుఱ్ఱమును వెలికి తీసెను. తరువాతి ఎత్తున రెండవ శకటు వచ్చెను. ఎదుటివారు అతని శకటును తరుముటకు ఒక బంటును త్రోసిరి. మార్ఫీ వెనుకకు తగ్గక గుఱ్ఱమును ఆ బంటుపై దూకించి దానికి బలియిచ్చెను. పిదప రాజును మంత్రి వైపు కోటలో చేర్చి, అదే ఎత్తుతో ఏనుగును నడిమి వరుసకు తెచ్చెను. ఆ ఏనుగును ఇచ్చి శత్రువు గుఱ్ఱమును కొట్టెను. రెండవ ఏనుగు దాని చోటికి వచ్చెను. తుదకు మంత్రిని తెచ్చి నల్లరాజు వరుసలో నిలిపెను. దానిని గుఱ్ఱముతో కొట్టక వారికి గత్యంతరము లేదు. ఆ గుఱ్ఱము తొలగుటతో దారి తెఱచుకొనగా, ఏనుగు చివరి వరుసకు పోయి ఆట కట్టెను. అప్పటికి బంట్లుగాక మార్ఫీ సేనలో రాజు, ఒక ఏనుగు, ఒక శకటు మాత్రము మిగిలినవి. ఎదుటివారి శకటు ఒకటి, ఏనుగు ఒకటి పుట్టిన గడినుండి కదలనే లేదు. వారికి బలము లేక కాదు. ఉన్న బలము రణరంగమునకు రాలేదు. గాదెలో ధాన్యముండి యింట పస్తున్న సంసారము వారిది. నేడు చదరంగము నేర్చు పిల్లలకు గురువులు మొట్టమొదట చూపు ఆటలలో ఇది యొకటి. మన పాత గుంటూరు జిల్లానుండియే హరికృష్ణ, ద్రోణవల్లి హారిక వంటి గ్రాండుమాస్టర్లు బయలుదేరిన ఈ దినములలో, పుస్తకము ముందుంచుకొని ఈ పదునేడు ఎత్తులను పలకమీద వేసికొని చూచుట కష్టమైన పని గాదు.

ఆ సంవత్సరము డిసెంబరులో అసలు పరీక్ష వచ్చెను. జర్మనీ దేశమున బ్రెస్లా నగరమున గణితోపాధ్యాయుడగు అడాల్ఫ్ ఆండర్సన్ 1851లో లండనున జరిగిన మహాపోటీలో ప్రథముడు. ఐరోపాలో అగ్రగణ్యుడని పేరు మోసినవాడు. గ్యాంబిట్ ఆటలో ఆయన కీర్తి సామాన్యము గాదు. 1851లోను 1852లోను ఆయన ఆడిన రెండు ఆటలు, ఒకటి రాజు గ్యాంబిట్, రెండవది ఎవాన్స్ గ్యాంబిట్, ఏనుగులను మంత్రిని బలియిచ్చి గెలిచినవి, నేటికిని ప్రత్యేక నామములతో పిలువబడుచున్నవి. పాఠశాలకు క్రిస్మసు సెలవు లీయగా ఆయన పారిసుకు బయలుదేరి వచ్చెను. మార్ఫీ అప్పుడు జబ్బుపడి మంచమున నుండెను. జలగలచేత రక్తము తీయించుకొని మిక్కిలి నీరసించియుండెను. అందుచే పోటీ అతడు దిగిన హోటలులోనే జరిగెను.

మొదటి ఆటలో మార్ఫీ తెల్ల పక్షమున ఎవాన్స్ గ్యాంబిట్ పన్నెను. ఆండర్సన్ బంటును తిని, దాడిని ఓర్పుతో సహించి, మెల్లగ బలములను మార్చుకొని, డెబ్బది ఎత్తులు దాటిన సుదీర్ఘ సమరమున గెలిచెను. బంటు తిరిగి రాలేదు. అదను వచ్చినను పంట పండని సంవత్సరములుండును గదా! ఇచట మార్ఫీ బుద్ధి గమనింపదగినది. మరియొకడైనచో పౌరుషమునకు పోయి మూడవ ఆటలో మరల అదే గ్యాంబిట్ పన్నెడివాడు. అతడు ఆ పోటీలో దానిని మరల ముట్టలేదు. రూయ్ లోపెజ్ పేర నిలిచిన ఆరంభమును, నిదానమైనదానిని, చేపట్టెను. రెండవ ఆట సమము కాగా, మూడవది మొదలు ఏడవది వరకు వరుసగ అయిదు ఆటలు మార్ఫీ గెలిచెను. ఆండర్సన్ కలవరపడి, మార్ఫీకి అలవాటు లేని దారి పట్టింపనెంచి, కొన్ని ఆటలను అంచు బంటును ఒక గడి త్రోయుటతో మొదలుపెట్టెను. ఐరోపాలోని మహాదాడికారుడు అట్టి మొదటి ఎత్తు వేయుటయే ఒక సాక్ష్యము. మొత్తము పదునొకండు ఆటలలో మార్ఫీ ఏడు, ఆండర్సన్ రెండు గెలిచిరి, రెండు సమము. ఆ పిమ్మట పందెము లేకుండ ఆరు ఆటలు ఆడుకొనిరి. అందు అయిదు మార్ఫీవి. ఆండర్సన్ ఓటమికి ఏ సాకును చెప్పక, తనకంటె మార్ఫీ అధికుడని ఒప్పుకొని పాఠశాలకు తిరిగిపోయెను. పెద్దమనిషి తనమన్న అది.

మార్ఫీని ఆనాటివారు సాహసికుడనిరి. ఆ మాట సగమే నిజము. సాహసికులు ఆనాడు పలువురు గలరు. స్కాట్లండు దేశీయుడు, కలకత్తాలో న్యాయవాది, జాన్ కోక్రేన్ అను నతడు 1848లో మన దేశీయుడగు మహేశచంద్ర బెనర్జీతో ఆడుచు నాలుగవ ఎత్తుననే ఒక గుఱ్ఱమును బంటునకు బదులుగ ఇచ్చివేసెను. ఆ గ్యాంబిట్ నేటికిని అతని పేరనే చెల్లుచున్నది. బెనర్జీ మన నాటు పద్ధతిలో పెరిగినవాడు గనుక బంట్లను ఒక్కొక గడి నడుపుచు, శకటులను అంచులనుండి చూపు సారింపజేయుచు ఆడెను; ఇండియన్ డిఫెన్స్ అను పేరు ఆ ఆటలవలననే పుట్టినదందురు. ఇట్లు బంట్లను, గుఱ్ఱములను బలియిచ్చినవారు అనేకులు. ఇచ్చినదానిని వడ్డీతో వసూలు చేసినవాడు మార్ఫీ. తన బలములన్నియు బయటికి రాకముందు అతడు దాడి చేయడు. పలక నడుమ దారులు తెఱవక రాజుపై పోడు. అతని ఆటలను ఎత్తువెంట ఎత్తు వేసికొని చూచినచో, చివరి మెరుపుకంటె ముందరి పది ఎత్తులలోని పొదుపు ఎక్కువ ఆశ్చర్యము గొల్పును.

1859లో స్వదేశమునకు మరలివచ్చిన మార్ఫీకి న్యూయార్కున బంగారు వెండి బలములతో చేసిన చదరంగమును, బంగారు గడియారమును బహూకరించిరి. సన్మానసభలో ఒక వక్త చదరంగమును వృత్తియనియు, మార్ఫీని ఆ వృత్తిలో శ్రేష్ఠుడనియు ధ్వనించునట్లు పలుకగా, అతడు నిండు సభలో నొచ్చుకొనెను. ఆ పిమ్మట లోకమున ఎవరైనను సరే, తాను ఒక బంటును తగ్గించుకొని, మొదటి ఎత్తును ఎదుటివారికి విడిచి ఆడుదునని ప్రకటించెను. ఎవ్వరును ముందుకు రాలేదు. అప్పటికి అతని వయస్సు ఇరువది రెండు. పోటీ చదరంగము అంతటితో సమాప్తము.

ఇక వకీలు పనిలో నిలువవలెనని సంకల్పించెను. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము ప్రారంభమయ్యెను. మరుసటి యేడు న్యూ ఆర్లియన్సు ఉత్తరపు సేనల వశమయ్యెను. మార్ఫీ హవానాకును పారిసుకును పోయి, యుద్ధానంతరమున ఇల్లు చేరి కార్యాలయము తెఱచెను. గడప త్రొక్కినవారు దావాల సంగతి చెప్పక చదరంగపు సంగతి అడుగుచుండిరి. కక్షిదారునకు కావలసినది తన కాగితములు చూచు వకీలు. మార్ఫీ మొగము చూచినవారికి కాగితములు జ్ఞప్తికి రావు. ఏ కీర్తి అతనిని ఐరోపా ప్రభువుల సరసన కూర్చుండబెట్టెనో ఆ కీర్తియే అతని వాకిట అడ్డము పడినది. ఆప్తమిత్రుడు చార్లెస్ మారియన్‌తో మాత్రము ఒక గుఱ్ఱము తగ్గించుకొని ఆడుచుండెడివాడు. 1869 తరువాత అదియును మానెను. తండ్రి ఆస్తి వ్యవహారమున సోదరి భర్త తన కన్యాయము చేసెనని నమ్మి వ్యాజ్యము నడపెను. క్రమముగ అతని మనస్సు చెదరెను. ఎవరో తనకు విషము పెట్టుదురని, తనను హింసింప చూచుచున్నారని భయపడుచుండెను. బంధువులు అతనిని వైద్యశాలలో చేర్ప గొనిపోగా, తన న్యాయపరమైన హక్కులను స్పష్టముగ వాదించి అచటివారిని నిరుత్తరులను చేసి ఇంటికి తిరిగివచ్చెను. ఆ ఒక్క వ్యాజ్యమే అతడు పూర్తిగ గెలిచినది కాబోలు.

తల్లియు, చెల్లెలును అతనిని కనిపెట్టుకొని యుండిరి. ప్రతి దినము చక్కని దుస్తులు ధరించి, చేత కఱ్ఱ పట్టుకొని, నగర వీథులలో ఒంటరిగ నడచుచుండెడివాడు. 1883లో ఆనాటి మేటి క్రీడాకారుడు విల్హెల్మ్ స్టెయినిట్జ్ న్యూ ఆర్లియన్సు వచ్చి మార్ఫీని చూడగోరెను. చదరంగపు మాట ఎత్తరాదను కట్టడితో వీథిలో కొలది నిమిషములు కలిసికొన్నారు. 1884 జూలై 10వ తేదీన మిట్టమధ్యాహ్నపు ఎండలో చాల దూరము నడిచి వచ్చి, చల్లని నీటి తొట్టిలో స్నానమునకు దిగి, అందే ప్రాణము విడిచెను. వయస్సు నలువదియేడు. సెయింట్ లూయీ శ్మశానమున మార్ఫీ వంశీయుల సమాధిలో అతనిని ఉంచిరి. రాయల్ వీథిలో అతడు పెరిగి, నివసించి, మరణించిన ఇల్లు నేటికిని చెక్కుచెదరక నిలిచియున్నది. అందిప్పుడు భోజనశాల నడుచుచున్నది.